భిలాయి గేటు దగ్గర పాత కేసు

ఇటీవలి సంవత్సరాలలో ఢిల్లీ న్యాయస్థానాల వరండాలలో ఒక కొత్త హక్కును గురించిన వాదోపవాదాలు తరచు చెవిన పడుతున్నవి. మరపు హక్కు అని దానిని మనం చెప్పుకోవచ్చు. నేరారోపణకు గురియై, విచారణను ఎదుర్కొని, చివరకు నిర్దోషిగా బయటపడిన మనిషి పేరును గూగుల్లో కొట్టి చూస్తే ఆ పాత కేసే మొట్టమొదట ప్రత్యక్షం కావటం న్యాయమా, కాదా అన్నది వివాదాంశం. నిర్దోషిగా విడుదలైన ఒక వ్యక్తి పేరు కనబడే తీర్పును తొలగించవలసిందని 2024 ఫిబ్రవరిలో మద్రాసు హైకోర్టు ఉత్తర్వు చేసింది. తీర్పులను ఉచితంగా చదువుకునే వీలు కల్పిస్తున్న ‘ఇండియన్ కానూన్’ సంస్థ దానిపై సుప్రీంకోర్టుకు వెళ్ళింది. అదే సంవత్సరం జూలై 24న ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ నాయకత్వంలోని ధర్మాసనం ఆ ఉత్తర్వును నిలిపివేసింది. తీర్పు వెలువడిన పిమ్మట అది ప్రజల పత్రమనీ, దానిని తీసివేయమనటం మొదలుపెడితే పర్యవసానాలు తీవ్రంగా ఉంటాయనీ ధర్మాసనం అభిప్రాయపడింది.

మద్రాసు కేసులోని వ్యక్తికి ఆ పాత తీర్పు కారణంగా ఆస్ట్రేలియా పౌరసత్వం దక్కలేదట. దానికి ముందు, 2021 ఏప్రిల్‌లో, ఢిల్లీ హైకోర్టు తాత్కాలికంగా ఊరట కలిగించిన మరొక వ్యక్తి భారత సంతతికి చెందిన అమెరికన్ పౌరుడు. 2009లో భారతదేశానికి వచ్చినప్పుడు ఆయనపై మాదకద్రవ్యాల కేసు పెట్టారు. 2011లో కింది కోర్టు, 2013లో హైకోర్టు ఆయన నిర్దోషి అని తేల్చినవి. అమెరికాకు తిరిగిపోయి న్యాయశాస్త్రం చదివి పట్టా పుచ్చుకున్నా, ఆయన పేరు వెదికిన ప్రతి యజమానికీ ఈ తీర్పే ఎదురయింది. ఇవన్నీ ఇంగ్లీషు పత్రికలలో చదివేవారికి ఇది సముద్రాలు దాటిపోయే పెద్దమనుషుల బాధ కాబోలు అనిపించటంలో వింత లేదు. నాకు మాత్రం ఈ వాదన విన్నప్పుడల్లా భిలాయి గుర్తుకు వస్తుంది.

భిలాయి మన పాఠకులకు పరాయి ఊరు కాదు. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ఫలితంగా దుర్గ్ జిల్లా పొలాల మధ్య లేచిన ఉక్కు నగరం అది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించినారు. దేశంలోని రైలుపట్టాలలో ఎక్కువ భాగం అక్కడ పుట్టినవే. రాయపూర్ నుండి విజయనగరానికి రైలుమార్గం 1931 నాటికే ఉన్నది కనుక శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలవారికి ఆ ఉక్కు కర్మాగారం పనికి పోదగినంత దగ్గర అయింది. మట్టి పనికి, తాపీ పనికి వెళ్ళినవారు కొందరు, చదువుకుని ఉద్యోగాలకు వెళ్ళినవారు కొందరు అక్కడే స్థిరపడినారు. సెక్టారు 5లోని బాలాజీ ఆలయానికి వెళ్ళి నిలబడితే తాము శ్రీకాకుళంలో ఉన్నామో, ఛత్తీస్‌గఢ్‌లో ఉన్నామో వెంటనే పోల్చుకోలేరు.

ఇటువంటి ఊరిలో ఉపాధి అంతా ఒక గేటు చుట్టూ తిరుగుతుంది. ప్రభుత్వరంగ కర్మాగారాలలో పర్మనెంటు ఉద్యోగాలు తగ్గి, ఒప్పంద కార్మికుల సంఖ్య పెరిగిన సంగతి అందరికీ తెలిసినదే. పర్మనెంటు ఉద్యోగి ఒకసారి లోపలికి పోతే ముప్పై యేళ్ళు లోపలే ఉంటాడు. ఒప్పంద కార్మికుడు కంట్రాక్టు మారినప్పుడల్లా మళ్ళీ బయటివాడే. మళ్ళీ గేటు పాసు, మళ్ళీ నడవడికను గురించిన విచారణ. ఒక మనిషి గతాన్ని జీవితంలో ఒక్కసారి అడగటం వేరు, రెండు మూడేళ్ళకొకసారి అడగటం వేరు. మరపు హక్కు అవసరం ఎవరికి ఎక్కువ అని నన్ను అడిగితే, ఆస్ట్రేలియాకు పోదలచినవానికంటే ఈ కార్మికునికే ఎక్కువ అని చెబుతాను.

అతని పేరు ఇంటర్నెట్టులోకి ఎట్లా ఎక్కుతుందో చూడవలసి ఉన్నది. ఢిల్లీ వాదనలలో ఈ భాగం సరిగా వినబడటం లేదు. ఒక సమ్మెలోనో, బస్తీ తగాదాలోనో ఒక కార్మికుని మీద కేసు పడిందనుకుందాం. అరెస్టు అయిన మరునాడు స్థానిక పత్రికలో పేరు, వీలైతే ఫోటో వస్తాయి. సెషన్స్ కోర్టు బెయిలు నిరాకరిస్తే బిలాస్‌పూర్‌లోని హైకోర్టుకు పోవాలి. హైకోర్టు ఇచ్చే బెయిలు ఉత్తర్వు రెండు మూడు పేజీల కాగితం. అందులో నిందితుని పేరు, తండ్రి పేరు, ఊరు, పోలీసు ఠాణా, సెక్షన్లు, ఆ తరువాత ప్రాసిక్యూషన్ కథనం క్లుప్తంగా ఉంటాయి. ఆ కథనం అప్పటికి రుజువైనది కాదు, పోలీసులు చెప్పినది మాత్రమే. అయినా హైకోర్టు ఉత్తర్వు కనుక అది వెబ్‌సైట్లకు ఎక్కుతుంది, గూగుల్‌కు దొరుకుతుంది.

నాలుగేళ్ళకో, ఎనిమిదేళ్ళకో దుర్గ్ కోర్టులో ఆ కేసు కొట్టివేయబడుతుంది. ఆ విడుదల తీర్పు జిల్లా కోర్టుది. అది ప్రభుత్వపు ఈ-కోర్టుల వెబ్‌సైటులో ఉండవచ్చు. కాని జిల్లా పేరు, కోర్టు పేరు, కేసు నంబరు ఎంచుకుని, తెర మీద వంకరటింకరగా కనిపించే అక్షరాలను చూసి కొడితే తప్ప తెరుచుకోని అరలో ఉంటుంది. గూగుల్ ఆ అరలోకి పోదు. పోలీసుల ఆరోపణ వీధిలో నిలబడి ఉంటే, కోర్టు తేల్చిన నిజం బీరువాలో ఉంటుందన్నమాట. పత్రికల సంగతి చెప్పనే అక్కరలేదు. అరెస్టు వార్త, విడుదల వార్త కాదు. అందుచేత ఆ కార్మికుని పేరు కొట్టినవానికి కనిపించేది సగం కథ, అదీ మొదటి సగం.

ఈ వ్యాధి ఇంటర్నెట్టుతో పుట్టినది కాదన్న సంగతి తెలుగువారు ఇతరులకంటే బాగా ఎరుగుదురు. స్టూవర్టుపురం అన్న పేరే ఒక కేసు డైరీ అయిపోయింది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1952 ఆగస్టు 31న రద్దు చేశారు కాని, ఊరి పేరు చెప్పగానే ఎదుటివాడి ముఖం మారటాన్ని ఏ గెజెట్టూ రద్దు చేయలేకపోయింది. రౌడీషీటు, హిస్టరీషీటు అన్నవి ఆ పాత భావన నుండి దిగివచ్చినవే. ఠాణాలోని ఆ పుస్తకమే గూగుల్‌కు పూర్వరూపం అనవచ్చు. తేడా ఏమంటే, ఆనాడు ఆ పుస్తకాన్ని తెరిచే అధికారం దారోగాకు మాత్రమే ఉండేది.

ఉత్తరప్రదేశ్‌లో ఖడక్ సింగ్ అనే ఆయనను 1941లో ఒక దోపిడీ కేసులో పట్టుకుని, సాక్ష్యం లేక వదిలివేశారు. వదిలినవారు ఊరుకోక ఆయనకు హిస్టరీషీటు తెరిచి, అర్ధరాత్రి వేళ తలుపు తట్టి ఇంట్లో ఉన్నాడా లేడా అని చూడసాగినారు. ఆయన సుప్రీంకోర్టుకు వెళ్ళినాడు. 1962 డిసెంబరులో న్యాయస్థానం ఆ రాత్రి తనిఖీలను కొట్టివేసిందే కాని, ఆంతరంగిక జీవితానికి రాజ్యాంగంలో రక్షణ లేదన్నది. ఆనాడు భిన్నాభిప్రాయం వ్రాసినవారు రాజమహేంద్రవరానికి చెందిన కోకా సుబ్బారావు. వ్యక్తి స్వేచ్ఛలో ఆంతరంగికత అంతర్భాగమనీ, కనిపెట్టి ఉండే కళ్ళ మధ్య తిరిగే మనిషి స్వేచ్ఛగా తిరుగుతున్నట్లు కాదనీ ఆయన వాదం. ఆయనతో జస్టిస్ షా ఏకీభవించినారు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా సుబ్బారావుగారి మాటే నిజమన్నారు. యాభై అయిదేళ్ళు పట్టింది. తన పాత కేసు వదిలిపెట్టమని అడిగిన ఖడక్ సింగ్ పేరు మాత్రం న్యాయశాస్త్ర విద్యార్థులందరికీ కంఠస్థమై పోయింది. ఇటువంటి వ్యాజ్యాలలో ఇదొక విచిత్రం.

రెండవ కేసు భిలాయికి మరింత దగ్గర. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడేవరకు భిలాయి మధ్యప్రదేశ్‌లోనిదే. ఆ రాష్ట్రపు పోలీసు నిబంధనలు 855, 856 ప్రకారం ఠాణావారు ‘పాత నేరస్థుల’ కదలికలను కనిపెట్టి ఉండవచ్చు. గోవింద్ అనే వ్యక్తి వాటిని సవాలు చేసినాడు. తనపై పెట్టిన కేసులలో రెండు తప్ప అన్నిటిలోనూ విడుదలైనాననీ, అయినా పోలీసులు పగలూ రాత్రీ ఇంటికి వచ్చి వేధిస్తున్నారనీ ఆయన ఫిర్యాదు. 1975 మార్చిలో జస్టిస్ మాథ్యూ ఆ నిబంధనలను కొట్టివేయలేదు. అవి రాజ్యాంగ విరుద్ధతకు అతి సమీపంలో ఉన్నవనీ, సమాజానికి నిజంగా ప్రమాదకరమైనవారికే వర్తింపజేయాలనీ, వాటిని సవరించుకోవటం మంచిదనీ సలహా ఇచ్చి వదిలినారు. సలహాలను పోలీసు శాఖ ఎంత శ్రద్ధగా వింటుందో వేరే చెప్పాలా? 2024 మే నెలలో ఢిల్లీ పోలీసుల హిస్టరీషీటు కేసు ఒకదానిలో సుప్రీంకోర్టు మళ్ళీ అదే చెప్పవలసి వచ్చింది. వెనుకబడిన వర్గాలవారి పేర్లను యాంత్రికంగా అందులో వ్రాయవద్దని, అన్ని రాష్ట్రాలూ దీనిని పరిశీలించాలని అన్నది.

ఇక ఉద్యోగపు ఫారం. ‘మీరెప్పుడైనా అరెస్టు అయినారా, ప్రాసిక్యూషన్ జరిగిందా, శిక్ష పడిందా’ అని అందులో గడులుంటాయి. నిజం వ్రాస్తే ఉద్యోగం రాదేమోనని భయం. దాచి వ్రాస్తే, తరువాత బయటపడి, దాచినందుకు ఉద్యోగం పోతుంది. ఈ చిక్కుముడిని విప్పటానికి 2016 జూలై 21న అవతార్ సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తులు కొన్ని సూత్రాలు వ్రాశారు. పడుచుతనంలో నినాదాలు చేయటం వంటి చిన్న కేసును దాచిపెడితే యజమాని క్షమించవచ్చునట. సూత్రం దయగలదే. అయితే అదే తీర్పు మరొక మాట అన్నది: ఉన్నది ఉన్నట్లు చెప్పినా అభ్యర్థి పూర్వ చరిత్రను పరిశీలించే హక్కు యజమానికి ఉంటుంది, ఉద్యోగం ఇచ్చి తీరాలని అతనిని నిర్బంధించలేము. విడుదలైనవాని విషయంలో కూడ, ఆ విడుదల ఏ కారణంచేత అన్నది చూసుకోవచ్చు. సర్కారు యజమాని కనీసం ఒక ఉత్తర్వు వ్రాస్తాడు, దానిపై కోర్టుకు పోవచ్చు. కంట్రాక్టరు మనిషి ఏ ఉత్తర్వూ వ్రాయడు. ఫోను తీసి పేరు కొట్టి చూస్తాడు, తరువాత కబురు చేస్తామంటాడు. అవతార్ సింగ్ తీర్పు ఆ ఫోను దగ్గరికి రాదు.

ఇంతవరకు చదివినవారు, మరి పేర్లు చెరిపివేస్తే సరిపోతుంది కదా అనవచ్చు. భిలాయి చరిత్రే దానికి అడ్డం వస్తుంది.

శంకర్ గుహ నియోగి పేరు ఎరుగని రాజకీయ పాఠకుడు ఉండడు. భిలాయి ఉక్కు కర్మాగారంలోనే పనిచేసి, అక్కడినుండి తొలగింపబడి, దల్లీ రాజహరా గనులలో కార్మికులను కూడగట్టి, ఎమర్జెన్సీలో జైలుకు వెళ్ళి, ఛత్తీస్‌గఢ్ ముక్తి మోర్చాను నడిపిన నాయకుడు. భిలాయి ప్రైవేటు కర్మాగారాలలో కంట్రాక్టు కార్మికుల ఉద్యమం ఉధృతంగా ఉన్న 1991 ఫిబ్రవరిలో ఆయనను పాత కేసుల పేరిట పట్టుకుని రెండు నెలలు జైలులో ఉంచినారు. జిల్లా బహిష్కారానికి కూడ ప్రయత్నం జరిగింది. పాత కేసు అన్నది ఎంత పదునైన ఆయుధమో దీనిని బట్టి తెలుస్తుంది. ఆ సెప్టెంబరులో ఆయన కార్మికులను వెంటబెట్టుకుని ఢిల్లీకి వచ్చి రాష్ట్రపతి వెంకట్రామన్‌కు విన్నవించుకున్నారు. అదే నెల 28న తెల్లవారకముందే భిలాయిలోని ఇంట్లో, నిద్రలో ఉండగా, కిటికీలోనుండి కాల్చి చంపినారు. మరుసటి సంవత్సరం జూలై 1న పవర్‌హౌస్ స్టేషను దగ్గర రైలు పట్టాలపై కూర్చున్న కార్మికులపై పోలీసులు కాల్పులు జరిపితే కనీసం పదహారుమంది మరణించినారు.

నియోగి హత్య కేసులో 1997లో దుర్గ్ సెషన్స్ కోర్టు, పారిశ్రామికవేత్తలతో సహా ఆరుగురిని శిక్షించింది. 1998లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. 2005 జనవరిలో సుప్రీంకోర్టు, కాల్చినవాని ఒక్కనికి మాత్రం యావజ్జీవ శిక్ష విధించి, మిగిలినవారి విడుదలను ఖాయపరచింది. ఇప్పుడు మద్రాసు సూత్రాన్ని ఈ కేసుకు అన్వయించి చూడండి. విడుదలైనవారందరూ తమ పేర్లున్న తీర్పులను తొలగించమని అడగవచ్చు. చట్టం దృష్టిలో వారికీ, సమ్మె కేసులో విడుదలైన కార్మికునికీ భేదం లేదు. కాని ఆ తీర్పులు తొలగిపోతే, ఒక కార్మిక నాయకుడు ఎట్లా చంపబడినాడో, సాక్ష్యాన్ని ఏ కోర్టు ఎట్లా తూచిందో రేపటివాడు తెలుసుకునే దారి మూసుకుపోతుంది. పెద్ద వకీళ్ళను పెట్టుకోగలవారి గతం ముందుగా చెరిగిపోతుంది, కార్మికుని గతం మిగిలిపోతుంది. మరపును వ్యాజ్యం వేసి కొనుక్కోవలసిన వస్తువుగా మార్చటమే ఇప్పటి ధోరణిలోని ప్రమాదం అని నా అభిప్రాయం.

కోర్టుల రికార్డు ప్రజలది అన్న సూత్రాన్ని దృఢంగా చెప్పినవారు కూడ మన తెలుగు న్యాయమూర్తే. 1994లో ఆటో శంకర్ ఆత్మకథ ప్రచురణ వివాదంలో జస్టిస్ జీవన్‌రెడ్డి, కోర్టు రికార్డుల ఆధారంగా వ్రాసినదానిపై ఆంతరంగికత పేరిట అభ్యంతరం చెప్పరాదన్నారు. అత్యాచార బాధితులైన స్త్రీల పేర్ల వంటివి మాత్రమే దానికి మినహాయింపు. సుబ్బారావుగారి మాటా నిలవాలి, జీవన్‌రెడ్డిగారి మాటా నిలవాలి. ఇది అసాధ్యమేమీ కాదు. 1994లో రికార్డు ప్రజలదంటే, కోర్టుకు పోయి నకలుకు దరఖాస్తు పెట్టుకున్నవానికి అందుబాటులో ఉండటం. పేరు కొట్టగానే ఎవరికైనా జేబులోకి రావటం అన్నది ఆనాటి న్యాయమూర్తుల ఊహలో లేదు. ఐరోపా న్యాయస్థానం 2014 మే 13న ఈ రెంటినీ విడదీసింది. ఒక స్పెయిన్ దేశస్థుని ఇల్లు బకాయిల నిమిత్తం వేలానికి వచ్చిందన్న 1998 నాటి పత్రికా ప్రకటన ఆ కేసుకు మూలం. పత్రిక తన పాత సంచికను చెరపనక్కరలేదనీ, గూగుల్ మాత్రం ఆయన పేరు కొట్టినప్పుడు దానిని చూపరాదనీ తీర్పు. కాగితం బీరువాలో భద్రంగా ఉంటుంది. పేరుకూ దానికీ మధ్య దారం మాత్రం తెగుతుంది. నేరం రుజువైనవానికి కూడ, శిక్ష ముగించి నిర్ణీత కాలం సక్రమంగా నడుచుకుంటే ఆ శిక్షకు కాలం చెల్లినట్లే భావించే చట్టం బ్రిటన్‌లో 1974 నుండి ఉన్నది.

మన పార్లమెంటు ఏమి చేసింది? జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ సిఫారసుల పిమ్మట వచ్చిన 2019 బిల్లులో మరపు హక్కు పేరుతోనే ఒక క్లాజు ఉండేది. 2022లో ఆ బిల్లును ఉపసంహరించినారు. 2023 ఆగస్టులో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టంలో ‘చెరిపివేత’ హక్కు మిగిలింది కాని, న్యాయస్థానాలు తమ విధి నిర్వహణలో వాడే సమాచారానికి మినహాయింపు ఇచ్చినారు. చట్టప్రకారం బహిరంగపరచిన సమాచారానికి ఆ చట్టం అసలు వర్తించదు. 2025 నవంబరులో వెలువడిన నియమాల ప్రకారం ఈ చెరిపివేత హక్కు సైతం పద్దెనిమిది నెలల తరువాతనే అమలులోకి వస్తుంది. అదే చట్టంలోని సవరణ ద్వారా సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారాన్ని నిరాకరించే వీలు మాత్రం ఆ నవంబరులోనే అమలయింది. అధికారులను గురించి ప్రజలు అడిగేది తక్షణం మూతపడింది, ప్రజలను గురించి ఇతరులు చూసేది తెరిచే ఉన్నది. ఏది ముందు, ఏది వెనుక అన్నదానిలోనే ప్రభుత్వాల మనస్సు తెలుస్తుందని ఢిల్లీలో కొంతకాలం ఉన్నవారెవరైనా చెబుతారు.

మన దేశంలో ఈ దృష్టి బొత్తిగా లేకపోలేదు. బాలనేరస్థుల రికార్డును అప్పీలు గడువు తరువాత నాశనం చేయాలని 2015 నాటి బాలల న్యాయ చట్టం చెబుతున్నది. ప్రొబేషన్‌పై విడుదలైనవానికి ఆ శిక్ష కారణంగా అనర్హత అంటరాదని 1958 నాటి చట్టంలోని 12వ సెక్షను చెబుతున్నది. నిర్దోషిగా విడుదలైన పెద్దవానికే ఏ సెక్షనూ లేదు. కేరళ హైకోర్టు 2022 డిసెంబరులో ఇది శాసనసభలు తేల్చవలసిన సంగతి అన్నది. శాసనకర్తలు కోర్టుల వంక చూస్తున్నారు.

చట్టం వచ్చేదాకా ఆగనక్కరలేని పనులు కొన్ని ఉన్నవి. బెయిలు ఉత్తర్వులలో నిందితుని తండ్రి పేరు, ఇంటి చిరునామా ఇంటర్నెట్టు ప్రతిలో ఉండవలసిన అవసరమేమిటో నాకు అర్థం కాలేదు. న్యాయసూత్రం తెలుసుకోగోరే వకీలుకు అవి అక్కరలేదు. హైకోర్టులు పాలనాపరమైన ఒక్క సర్క్యులరుతో వాటిని ఆపవచ్చు. జిల్లా కోర్టు విడుదల చేసిన నాడే హైకోర్టు వెబ్‌సైటులోని పాత బెయిలు ఉత్తర్వు తలమీద ‘ఈ కేసు ఫలానా తేదీన కొట్టివేయబడినది’ అని ఒక పంక్తి చేర్చవచ్చు. కేసు నంబర్లు రెండు చోట్లా కంప్యూటరులోనే ఉన్నవి. నిందితుడు దరఖాస్తు పెట్టుకోకుండానే, వకీలును పెట్టుకోకుండానే ఇది జరగాలి. పలుకుబడి గలవారు ప్రజాజీవితంలో చేసినదానిపై నడిచిన కేసులను, కాల్పులను, హత్యలను ఈ సౌకర్యం నుండి మినహాయించవచ్చు. ఆ గీత ఎక్కడ గీయాలన్నదానిపై వాదించుకోవటానికి ఢిల్లీలో వకీళ్ళకు కొదువ లేదు.

గేటు దగ్గరి ఫారం మాటకు వస్తే, దానిలో ‘కేసు ఉన్నదా’ అని అడిగే గడి ఉన్నది. ఆ కేసు చివరకు ఏమయిందని అడిగే గడి కూడ దాని పక్కన, అంతే పెద్ద అక్షరాలతో అచ్చు వేయటానికి ఉక్కు మంత్రిత్వ శాఖకు పార్లమెంటు అనుమతి అక్కరలేదు. ఆ గడిలో విడుదల అని వ్రాసి, తీర్పు నకలు జతపరచినవానికి పాసు నిరాకరిస్తే కారణం కాగితంపై వ్రాసి ఇవ్వాలని కంట్రాక్టు షరతులలో ఒక వాక్యం చేర్చవచ్చు. భిలాయి నుండి ఎన్నికై వచ్చే సభ్యులు, అక్కడి తెలుగువారి వోట్లు అడిగేవారు, ఆ ఒక్క వాక్యం కోసం ఉద్యోగ్ భవన్ మెట్లు ఎక్కినట్లు ఇంతవరకు నేను వినలేదు.